పళ్ళ డాక్టర్ అంటే భయపడేవాళ్ళ కోసం: మొదటి ఫోన్ నుంచి కుర్చీ దిగేదాకా

రాత్రి పన్ను సలపడం మొదలవుతుంది. ఒక నొప్పి మాత్ర, బుగ్గన ఒక లవంగం, తెల్లారగానే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలనే గట్టి నిర్ణయం. తెల్లారేసరికి సలుపు తగ్గుతుంది, నిర్ణయమూ సడలుతుంది. ఇలా నెలలు, ఏళ్ళు నెట్టుకొచ్చేవాళ్ళు మన చుట్టూ చాలామంది ఉన్నారు. ఇంట్లోవాళ్ళు దాన్ని బద్ధకం అంటారు, డబ్బుకు వెనకాడటం అంటారు. చాలాసార్లు అది అచ్చంగా భయం. పెద్ద ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళు, పిల్లల్ని కన్నవాళ్ళు కూడా పళ్ళ డాక్టర్ కుర్చీ అనగానే వెనక్కి తగ్గుతారు. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అయితే ఈ భయం చేసే నష్టం ఏమిటో ముందే తెలుసుకోవాలి. పైపైన ఉన్న పుచ్చుకు ఒక్క సిట్టింగ్‌లో ఫిల్లింగ్ సరిపోతుంది. అదే పుచ్చు పంటి లోపలి నరం దాకా వెళ్తే రూట్ కెనాల్, ఆపైన క్యాప్. ఇంకా ఆలస్యమైతే పన్ను తీసేయాల్సిందే. పైగా చీము పట్టి వాచిన చోట ఆమ్ల గుణం పెరిగి, మత్తు మందు సరిగ్గా పట్టదు. అంటే నొప్పికి భయపడి ఆగినవాళ్ళకే చివరికి నొప్పి తగిలే అవకాశం ఎక్కువ. వాపు లేనప్పుడే, పెద్దగా సలుపు లేనప్పుడే వెళ్ళడం నొప్పి తప్పించుకోవడానికి అన్నిటికన్నా మంచి ఉపాయం.

భయపడేవాళ్ళు ఎవరు అడిగినా నేను మొదట చెప్పేది ఒక్కటే: చూపించుకునే రోజు వేరు, చేయించుకునే రోజు వేరు. ఈ రెండింటినీ విడదీయండి. సగం టెన్షన్ అక్కడే దిగుతుంది. మిగతా సగానికి ఏం చేయాలో వరుసగా చూద్దాం.

1. మీ భయం దేని గురించో కాగితం మీద పెట్టండి

ఒకరికి సూది భయం. ఒకరికి మెషీన్ చప్పుడు. ఒకరికి వెల్లకిలా పడుకుని నోరు తెరిస్తే ఊపిరాడదేమోనని. ఇంకొకరికి ఎంత బిల్లు అవుతుందోనని. ఒక్కో భయానికి ఒక్కో మందు ఉంటుంది కాబట్టి మీది ఏదో తేల్చుకోవడం మొదటి పని.

దీనికి డాక్టర్లు వాడే చిన్న ప్రశ్నావళి ఒకటుంది. బ్రిటన్ మానసిక శాస్త్రవేత్త జెరీ హంఫ్రిస్, ఆయన సహచరులు 1995లో తయారుచేశారు. అందులో ఉన్నవి ఐదే ప్రశ్నలు: రేపు వైద్యానికి వెళ్ళాలంటే మీకెలా ఉంటుంది? బయట కూర్చుని మీ వంతు కోసం ఎదురుచూస్తుంటే? పన్ను మీద డ్రిల్లింగ్ చేయబోతుంటే? పళ్ళు క్లీనింగ్ చేయబోతుంటే? చిగుళ్ళకు మత్తు ఇంజెక్షన్ ఇవ్వబోతుంటే? అసలు భయం లేకపోతే 1, విపరీతంగా ఉంటే 5. మొత్తం 19 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే భయం తీవ్రంగా ఉన్నట్టు లెక్క. మొత్తం సంగతి అలా ఉంచి, ఏ ప్రశ్నకు ఎక్కువ మార్కులు పడ్డాయో చూడండి. డాక్టర్‌కు చెప్పాల్సింది అదే.

చాలామంది బయటికి చెప్పని భయం ఇంకొకటి ఉంది, సిగ్గు. నోరు తెరిస్తే డాక్టర్ ఏమనుకుంటారో, "ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అని తిడతారేమో అని. గుట్కా, సిగరెట్ మరకలున్నవాళ్ళు దీనితోనే ఆగిపోతారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పళ్ళ మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు వాళ్ళ తప్పు వల్ల వచ్చినవి కావు. అయినా నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పళ్ళ డాక్టర్ రోజంతా చూసేది పాడైన పళ్ళనే. మీ నోరు వాళ్ళకు వింత కాదు.

2. ఊళ్ళో విన్న మాటల్ని ఒకసారి సరిచూసుకోండి

పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని చిన్నప్పటి నుంచీ వింటాం. పళ్ళకు, చిగుళ్ళకు స్పర్శనిచ్చేవి ట్రైజెమినల్ నరం కొమ్మలు. చూపుకు సంబంధించినది ఆప్టిక్ నరం, దాని దారి పూర్తిగా వేరు. పన్ను తీస్తే చూపు పోదు.

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులవుతాయన్నది ఇంకో మాట. ఏళ్ళ తరబడి పట్టిన గార పళ్ళ సందుల్ని పూడ్చేసి, చిగురును కిందికి నెడుతుంది. గార తీసేశాక ఆ సందులు బయటపడతాయి. నాలుకకు ఖాళీగా తగులుతుంది, కొన్ని రోజులు చల్లనివి తాగితే జివ్వుమంటుంది. పళ్ళను వదులు చేసేది ఆ గార, దాని వెనక వచ్చే చిగుళ్ళ జబ్బు.

పెద్దవాళ్ళు చెప్పే పన్ను పీకుడు కథలు కూడా మన భయంలో కలిసిపోయి ఉంటాయి. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. ఇప్పుడు ఎక్కువగా వాడే మత్తు మందు లిగ్నోకైన్‌ను స్వీడన్‌లో 1943లో తయారుచేశారు, 1948లో అది మార్కెట్లోకి వచ్చింది. మన పల్లెల దాకా చేరడానికి ఇంకా చాలా కాలం పట్టింది. సరైన మత్తు లేకుండా పన్ను తీయించుకున్న తరం అనుభవం అది. మీకు జరగబోయేది అది కాదు.

3. డాక్టర్‌ను ఎంచుకోండి, ఫోన్‌లోనే భయం సంగతి చెప్పండి

దగ్గరున్న క్లినిక్, బోర్డు మీద డిగ్రీలు, ఆఫర్లు, వీటన్నిటికన్నా ఓపికగా మాట్లాడే డాక్టర్ ముఖ్యం. మీకు తెలిసినవాళ్ళలో భయస్తులెవరైనా ఉంటే వాళ్ళనే అడగండి. ధైర్యవంతులు ఇచ్చే సలహా మనకు పనికిరాదు.

ఫోన్ చేసినప్పుడు మాట ఇలా ఉంటే చాలు: "నాకు పళ్ళ ట్రీట్‌మెంట్ అంటే బాగా భయమండీ. మొదటిసారి చూపించుకోవడానికి మాత్రమే వస్తాను, ఆ రోజు ఏమీ చేయించుకోను. జనం తక్కువ ఉండే టైమ్ చెప్తారా?" సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ క్లినిక్‌లు కిటకిటలాడతాయి. బయట కూర్చుని లోపలి చప్పుళ్ళు వింటూ గంట గడిపితే ఉన్న ధైర్యం కూడా కరిగిపోతుంది. ఉదయం మొదటి అపాయింట్‌మెంట్ అడగండి. రోజంతా దాని గురించే ఆలోచిస్తూ కూర్చునే బాధ కూడా తప్పుతుంది.

డబ్బే భయమైతే డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఖర్చు బాగా తక్కువ. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. అక్కడ విద్యార్థులు ప్రొఫెసర్ల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు కాబట్టి సమయం ఎక్కువ పడుతుంది, రద్దీ కూడా ఉంటుంది. వెళ్ళే రోజు వేరే పనులు పెట్టుకోకండి.

విదేశాల్లో ఉండే మనవాళ్ళకు ఒక ప్రత్యేకమైన మాట. "ఇండియా వెళ్ళినప్పుడు చేయించుకుందాంలే" అని వాయిదా వేసి, సెలవు చివరి వారంలో డాక్టర్ దగ్గరికి వెళ్ళేవాళ్ళున్నారు. భయమున్నవాళ్ళకు ఈ హడావుడి అసలు పడదు. దిగిన మొదటి రెండు మూడు రోజుల్లోనే చూపించుకోండి. రూట్ కెనాల్‌కు రెండు మూడు సిట్టింగులు పట్టవచ్చు, క్యాప్ తయారై రావడానికి ఇంకొన్ని రోజులు కావాలి.

4. చూపించుకునే రోజు

ఈ రోజు జరిగేది మాటలు, ఒక చిన్న అద్దంతో చూడటం, అవసరమైతే ఎక్స్‌రే. అంతే. కుర్చీలో పడుకోకుండా కూర్చునే మాట్లాడతానని అడగవచ్చు. లోపలికి అడుగుపెట్టగానే వచ్చే ఘాటు వాసనకే కొందరికి గుండె దడ మొదలవుతుంది. అది చాలావరకు యూజినాల్ వాసన. లవంగ నూనెలో ఉండేది అదే. జింక్ ఆక్సైడ్‌తో కలిపి తాత్కాలిక ఫిల్లింగ్‌కు వాడతారు.

డాక్టర్‌కు చెప్పాల్సినవి దాచకుండా చెప్పండి: బీపీ, షుగర్, ఆస్తమా, గుండె జబ్బు, గర్భం, పడని మందులు, రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి. పళ్ళ పని ఉందని ఆ మాత్రలు సొంతంగా ఆపేయకండి, అది ప్రమాదం. అడగాల్సినవి కూడా రాసుకుని వెళ్ళండి. ఏ పన్నుకు ఏం చేస్తారు? ఎన్ని సిట్టింగులు? ఒక్కోటి ఎంతసేపు? మొత్తం ఎంతవుతుంది? చేయకపోతే ఏమవుతుంది? ఇవి అడిగితే విసుక్కునే డాక్టర్ మీకు సరిపోరు. తిట్టినా, ఎగతాళి చేసినా, "ఇప్పుడే పీకేద్దాం, కూర్చోండి" అని తొందరపెట్టినా, "ఆలోచించుకుని వస్తానండీ" అని లేచి వచ్చేయండి. ఇంకో చోటికి వెళ్ళే హక్కు మీకుంది.

నొప్పి లేకపోతే తేలిక పనితో మొదలుపెట్టమని అడగండి. ముందు క్లీనింగ్, తర్వాత చిన్న ఫిల్లింగ్, ఆ తర్వాత రూట్ కెనాల్. చిన్న పని సాఫీగా జరిగితే పెద్ద పనికి మనసు దానంతటదే సిద్ధపడుతుంది.

5. ముందు రోజు, ఆ పూట

రాత్రి బాగా నిద్రపోండి. యూట్యూబ్‌లో పన్ను పీకే వీడియోలు చూడకండి. మామూలు మత్తు ఇంజెక్షన్‌తో చేసే పనికి ఖాళీ కడుపుతో వెళ్ళకూడదు. కళ్ళు తిరగడానికి అదో పెద్ద కారణం. ఇడ్లీయో ఉప్మావో తిని వెళ్ళండి. షుగర్ ఉన్నవాళ్ళు రోజూలాగే తిని, మాత్ర వేసుకుని వెళ్ళాలి. కాఫీ, టీ తగ్గిస్తే గుండె దడ తక్కువగా ఉంటుంది. ధైర్యం కోసమని మందు తాగడం, ఇంట్లో ఎవరివో నిద్రమాత్రలు వేసుకోవడం అసలు వద్దు. అవి ఆ తర్వాత ఇచ్చే మందులతో కలిసి ప్రమాదం తేవచ్చు.

తోడు ఒక్కరే చాలు, అది కూడా తక్కువ మాట్లాడే మనిషి. "ఏం కాదులే, నాకైతే అస్సలు నొప్పే లేదు" అంటూ దారి పొడవునా చెప్పే బావగారి కన్నా, పక్కన మౌనంగా కూర్చునే చెల్లెలు నయం.

6. మత్తు ఇంజెక్షన్

ఎక్కువమంది భయంతో ఆగిపోయేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పుకుందాం.

మొదట చిగురు మీద జెల్ గానీ స్ప్రే గానీ వేయమని అడగండి. దానితో పైపొర మొద్దుబారుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఆగనివ్వాలి, వెంటనే గుచ్చితే దాని ప్రయోజనం ఉండదు. ఆ తర్వాత సూది. నొప్పి ఎక్కువగా వచ్చేది సూది మొన వల్ల కాదు, మందు వేగంగా లోపలికి తోసినప్పుడు పడే ఒత్తిడి వల్ల. "డాక్టర్ గారూ, కొంచెం నెమ్మదిగా ఇవ్వండి" అని ముందే చెప్పండి. సూదిని చూడకండి. కళ్ళు మూసుకుని, కాలి వేళ్ళు ముడుస్తూ వదులుతూ దాని మీదే మనసు పెట్టండి. అంగిలి మీద ఇచ్చే ఇంజెక్షన్ మిగతా చోట్ల కన్నా ఎక్కువ చురుక్కుమంటుంది. అది ముందే తెలిస్తే ఉలిక్కిపడరు.

మన దగ్గర ఎక్కువగా వాడే మత్తు మందులో లిగ్నోకైన్‌తో పాటు కొద్దిగా అడ్రినలిన్ ఉంటుంది. మందు అక్కడే ఎక్కువసేపు నిలవడానికి, రక్తం తక్కువగా రావడానికి దాన్ని కలుపుతారు. దానివల్ల ఇంజెక్షన్ అయిన వెంటనే కొందరికి గుండె దడదడలాడుతుంది, చేతులు సన్నగా వణుకుతాయి. ఇది తెలియనివాళ్ళు "నాకేదో అవుతోంది" అని కంగారుపడతారు. కొన్ని నిమిషాల్లో తగ్గిపోతుంది. గుండె జబ్బు ఉంటే ముందే చెప్తే డాక్టర్ మోతాదు తగ్గిస్తారు, లేదా అడ్రినలిన్ లేని మందు వాడతారు. "నాకు మత్తు మందు పడదు" అని ఏళ్ళుగా నమ్మేవాళ్ళలో చాలామందికి జరిగింది ఈ దడో, భయంతో కళ్ళు తిరగడమో. లిగ్నోకైన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. అనుమానం ఉంటే అప్పుడేం జరిగిందో వివరంగా చెప్పండి, డాక్టర్ తేలుస్తారు.

కింది దవడకు ఇచ్చే ఇంజెక్షన్‌తో ఆ వైపు పెదవి, నాలుకలో సగం మొద్దుబారతాయి. పెదవి లావెక్కి వేలాడుతున్నట్టు ఉంటుంది, కానీ అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది. మత్తు పూర్తిగా ఎక్కిందో లేదో పరీక్షించాకే పని మొదలుపెట్టమని గట్టిగా అడగండి. ఎక్కకపోతే ఇంకోసారి ఇస్తారు, వేరే చోట ఇస్తారు. సర్దుకుపోవడం ఇక్కడ అస్సలు వద్దు.

ఇంకో సంగతి. మత్తు నొప్పిని ఆపుతుంది, ఒత్తిడిని పూర్తిగా ఆపదు. పన్ను తీసేటప్పుడు నొక్కుతున్నట్టు, లాగుతున్నట్టు తెలుస్తుంది, కటకటమని చప్పుడు వినిపిస్తుంది. అవి మామూలే. చురుక్కుమని నొప్పి తగిలితే మాత్రం వెంటనే ఆపించాలి.

7. కుర్చీలో ఉన్నంతసేపు

నోట్లో పరికరాలుంటే మాట్లాడలేం. అందుకే మొదలుపెట్టక ముందే ఒక సైగ పెట్టుకోండి: "నేను ఎడమ చెయ్యి ఎత్తితే ఆపండి డాక్టర్ గారూ." పని మొదలైన కాసేపటికి నొప్పి లేకపోయినా ఒకసారి ఎత్తి చూడండి. నిజంగానే ఆపారని తెలిశాక ఒళ్ళు దానంతటదే వదులవుతుంది. మన చేతిలో ఏమీ లేదన్న భావనే భయానికి అసలు బలం.

ఊపిరి ముక్కుతో తీసుకోండి. లోపలికి 4 అంకెలు లెక్కపెడితే, బయటికి 6. వదిలే ఊపిరి పొడవుగా ఉండటమే కిటుకు. దీన్ని కుర్చీలో మొదటిసారి ప్రయత్నించకండి, వారం ముందు నుంచీ పడుకునే ముందు అలవాటు చేసుకోండి.

మెషీన్ చప్పుడు భయమైతే ఇయర్‌ఫోన్లు పెట్టుకోవచ్చు, ముందు అనుమతి అడిగితే చాలు. మీకు నోటికొచ్చిన కీర్తనలో పాటలో అయితే మేలు, మనసు వాటి వెంట పోతుంది. ఆ చప్పుడు చేసే పరికరాన్ని ఎయిరోటార్ అంటారు. నిమిషానికి 3 లక్షలకు పైగా తిరుగుతుంది కాబట్టే అంత సన్నని కూత. పన్ను వేడెక్కకుండా దానిలోంచి నీళ్ళు వస్తుంటాయి. ఆ నీళ్ళు గొంతులోకి పోతాయన్న భయం ఉంటే నోట్లో నీళ్ళు పీల్చేసే సక్షన్ పైపు దగ్గరగా పెట్టమనండి. నీళ్ళు నిండితే చెయ్యి ఎత్తండి, లేచి ఉమ్మి మళ్ళీ పడుకోండి. పన్ను చుట్టూ పలచని రబ్బరు తెర కట్టి పనిచేసే పద్ధతి కూడా ఉంది. రూట్ కెనాల్‌కు అది చాలా మంచిది, గొంతులోకి ఏమీ జారదు.

గతంలో ఎవరివల్లనైనా శరీరానికి హింస జరిగినవాళ్ళకు, వెల్లకిలా పడుకుంటే మీద ఎవరో వంగడమే భరించలేని విషయం కావచ్చు. కారణం చెప్పనక్కర్లేదు. "పూర్తిగా పడుకోలేనండీ, కుర్చీ సగమే వంచండి. తలుపు తీసి ఉంచండి. మావాళ్ళు గదిలోనే ఉంటారు" అంటే చాలు.

8. కళ్ళు తిరిగేవాళ్ళు, ఓకరింపు వచ్చేవాళ్ళు

సూదిని, రక్తాన్ని చూస్తే పడిపోయేవాళ్ళకు ఊపిరి వ్యాయామం కన్నా ఇంకొకటి బాగా పనిచేస్తుంది. వాళ్ళకు బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, దాన్ని నిలబెట్టాలి. చేతులు, కాళ్ళు, పొట్ట కండరాలు 10 నుంచి 15 సెకన్లు గట్టిగా బిగించండి, ముఖం వెచ్చబడినట్టు అనిపిస్తుంది. వదిలి 20 నుంచి 30 సెకన్లు మామూలుగా ఉండండి. ఇలా ఐదుసార్లు. లార్స్ గోరన్ ఓస్ట్ అనే స్వీడన్ మానసిక శాస్త్రవేత్త దీన్ని ఇలాంటివాళ్ళ కోసమే రూపొందించారు. కళ్ళు మసకబారుతున్నాయని చెప్పగానే డాక్టర్ కుర్చీ వంచి కాళ్ళు పైకి ఉండేలా చేస్తారు.

ఓకరింపు వచ్చేవాళ్ళు ఉదయం కడుపు నిండా తినకుండా తేలికగా తినాలి. ఎక్స్‌రే తీసేటప్పుడు ముక్కుతో ఊపిరి తీస్తూ ఒక కాలు కొద్దిగా పైకెత్తి పట్టుకోండి. మనసు కాలి మీదికి మళ్ళుతుంది. నాలుక కొసన చిటికెడు ఉప్పు కూడా కొందరికి పనిచేస్తుంది.

9. ఇవేవీ చాలకపోతే

కొన్ని క్లినిక్‌లలో, ముఖ్యంగా పిల్లల పళ్ళ డాక్టర్ల దగ్గర, లాఫింగ్ గ్యాస్ అని పిలిచే నైట్రస్ ఆక్సైడ్ ఉంటుంది. ముక్కుకు చిన్న మాస్క్ పెట్టి ఆక్సిజన్‌తో కలిపి ఇస్తారు. మెలకువగానే ఉంటారు, మాట్లాడగలరు, భయం మాత్రం దూరంగా జరుగుతుంది. ఆపాక కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది. డాక్టర్ రాసిచ్చే టెన్షన్ తగ్గించే మాత్రలూ ఉన్నాయి. అవి వేసుకుంటే ఆ రోజు బండి నడపకూడదు, వెంట మనిషి ఉండాలి. ఇంకా ఎక్కువ మత్తు కావాల్సివస్తే మత్తు డాక్టర్ ఉన్న ఆసుపత్రిలోనే చేయించుకోవాలి.

గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేంత భయం ఉంటే మానసిక వైద్యుల్ని కలవండి. కొద్దికొద్దిగా అలవాటు చేయించే థెరపీ ఇలాంటి భయాలకు బాగా పనిచేస్తుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

10. పిల్లల విషయంలో

అన్నం తినకపోతే "డాక్టర్ దగ్గర సూది వేయిస్తా" అని బెదిరించడం మన ఇళ్ళల్లో మామూలు. దయచేసి ఆపేయండి. పెద్దయ్యాక కుర్చీ ఎక్కలేకపోవడానికి విత్తనం చాలాసార్లు అక్కడే పడుతుంది. మొదటి పన్ను వచ్చాక, ఏడాది నిండేలోపు ఒకసారి చూపించండి. నొప్పి లేని రోజున వెళ్ళిన పిల్లలకు ఆ గది ఆట వస్తువుల గదిలాగే గుర్తుంటుంది. "నొప్పి అస్సలు ఉండదు" అని అబద్ధం చెప్పకండి. "కొంచెం చిటుక్కుమంటుంది, తర్వాత పెదవి నిద్రపోతుంది" అనండి. మీకు భయం ఎక్కువగా ఉంటే పిల్లల వెంట వేరేవాళ్ళను పంపండి.

11. పని అయ్యాక

మత్తు పెదవి, బుగ్గల మీద 2 నుంచి 4 గంటలు ఉండవచ్చు. అప్పటిదాకా వేడి కాఫీ వద్దు, నమలడం వద్దు. తెలియకుండా బుగ్గ కొరుక్కుంటారు, పిల్లలైతే మరీను. పన్ను తీయించుకుంటే దూదిని అరగంట నుంచి ముప్పావుగంట దాకా గట్టిగా కొరికి పట్టుకోండి. ఆ రోజంతా పుక్కిలించడం, ఉమ్మడం, స్ట్రాతో తాగడం, సిగరెట్ వద్దు. చల్లారిన పెరుగన్నం హాయిగా ఉంటుంది. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో మెల్లగా పుక్కిలించవచ్చు.

వాపు దవడ కిందికి, మెడకు పాకుతున్నా, జ్వరం ఉన్నా, నోరు తెరవలేకపోతున్నా, మింగడం గానీ ఊపిరి గానీ కష్టమైనా భయాన్ని పక్కనపెట్టి వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళండి. అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకూడదు.

అంతా బాగా జరిగితే క్లినిక్ నుంచి బయటపడే ముందే తర్వాతి తేదీ రాయించుకోండి. ఇంటికెళ్ళి ఫోన్ చేద్దామనుకుంటే పాత భయం మళ్ళీ అడ్డం పడుతుంది. ఆరు నెలలకోసారి క్లీనింగ్‌కు వెళ్తుంటే పుచ్చు చిన్నగా ఉండగానే దొరుకుతుంది. చిన్న ఫిల్లింగ్‌లు కొన్నిటికి సూది అవసరం కూడా ఉండదు.